గ్యారేజ్ ఫ్లోర్ కోటింగ్: డబ్బా కొనేముందు నేల సంగతి తేల్చుకోండి

కొన్నేళ్ల క్రితం ఒక జూలై ఉదయం, మా మొదటి ఇంటి గ్యారేజ్‌లోంచి కారు రివర్స్ తీస్తుంటే చక్రాల కింద చర్రుమని చప్పుడైంది. పెనానికి అంటుకుపోయిన అట్టుని అట్లకాడతో లాగితే వచ్చే చప్పుడు. దిగి చూస్తే, రాత్రి చక్రాలు ఆగిన నాలుగు చోట్లా అరచేయంత మేర కోటింగ్ లేచిపోయింది. కింద బూడిదరంగు కాంక్రీటు కనిపిస్తోంది. ఊడిన పొర టైరుకి పట్టుకుని ఉంది. వేసి అప్పటికి మూడు నెలలు. రెండు వీకెండ్లు మోకాళ్ల మీద పాకి వేసిన ఫ్లోర్ అది.

మేముండేది టెక్సస్‌లో, డల్లాస్ శివార్లలో. ఇక్కడి ఎండలో హైవే మీంచి వచ్చిన టైరు కాగిపోయి ఉంటుంది. ఆ వేడికి కోటింగ్ మెత్తబడుతుంది. టైరు రబ్బరులో ఉండే నూనెలాంటి పదార్థాలు కొంత దాంట్లోకి ఇంకుతాయి. చల్లారేకొద్దీ టైరు ముడుచుకుంటూ, పట్టు లేని పొరని తనతో లాక్కుపోతుంది. దీన్నే హాట్ టైర్ పికప్ అంటారు. పట్టు బాగుంటే టైరు ఏమీ చేయలేదు. నా దాంట్లో పట్టు లేదు, ఎందుకంటే నేల ఎలా ఉందో చూడకుండా డబ్బా మీద బొమ్మ చూసి కొనుక్కొచ్చాను. రెండో ఇంట్లో తిరగేసి చేశాను: ముందు నేల, ఆ తర్వాతే డబ్బా. మీకూ అదే వరసలో చెబుతాను.

ముందు: మీ గ్యారేజ్‌లో అసలు ఏం జరుగుతుంది?

మన ఇళ్లలో గ్యారేజ్ అంటే కారుకి మిగిలిన చోటు. సోనా మసూరి బస్తాలు, రెండో ఫ్రిజ్, చెప్పుల స్టాండ్, గ్రైండర్, పోయినేడాది వినాయక చవితి డెకరేషన్. స్మోక్ అలారం గోల లేకుండా చేపల వేపుడు చేసుకోవడానికి తలుపు పక్కన ఒక పొయ్యి. వీధి తలుపు అతిథులకి. మనం రోజూ దాటే గడప గ్యారేజ్‌దే.

కాబట్టి నేల మీద ఏం పడుతుందో ఒక కాగితం మీద రాసుకోండి. కాగిన నూనె, పసుపు, చింతపండు పులుసు, ఇంజిన్ ఆయిల్, వర్షంలో వచ్చిన కారు నుంచి కారే నీళ్లు. పులుపు వట్టి కాంక్రీటుని తినేస్తుంది. నిమ్మరసం పడిన చోట వారానికి గరుకు తేలడం మీరు చూసే ఉంటారు. పసుపు మరక లేత రంగు కోటింగ్‌ని పట్టుకుంటుంది, కానీ ఎండ తగిలితే వెలిసిపోతుంది. న్యూజెర్సీ, షికాగో వైపు ఉంటే అసలు శత్రువు వేరు: చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు. కారు అడుగున పట్టిన ఉప్పు మంచు గ్యారేజ్‌లో కరిగి కాంక్రీటులోకి ఇంకి, గడ్డకట్టి, కరిగి, పైపొరని పెచ్చులుగా లేపుతుంది. ఆ ఊళ్లలో కోటింగ్ సోకు కాదు, అవసరం.

పిల్లలు, పెద్దవాళ్లు తడికాళ్లతో నడుస్తారా? అయితే అద్దంలా మెరిసే ఫ్లోర్ ఆలోచన ఇప్పుడే మానుకోండి. తడిసిన నున్నటి ఎపాక్సీ (గట్టిపడి నేలకి అంటుకునే రెజిన్ పూత) మీద కాలు ఆగదు. గరుకుదనం కోసం ఏం కలపాలో తర్వాత చెబుతాను.

రెండోది: నేలకి పరీక్షలు

కొత్త ఇల్లయితే కాంక్రీటు పోసి కనీసం 28 రోజులు దాటాలి. పాత ఇల్లయితే కింది పరీక్షలకి ఒక వీకెండ్ చాలు, ఖర్చు దాదాపు లేదు.

నాలుగైదు చోట్ల చెంచాడు నీళ్లు పోయండి. ఒకట్రెండు నిమిషాల్లో కాంక్రీటు నల్లబడి నీళ్లు పీల్చుకుంటే మంచిది. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడితే, ముందున్నవాళ్లు నీళ్లు ఇంకకుండా సీలర్ ఏదో కొట్టారన్నమాట, లేదా అక్కడ నూనె ఇంకి ఉంది. దాని మీద ఏ కోటింగ్ వేసినా ఊడుతుంది. నా మొదటి ఫ్లోర్ కథ ఇదే. చెంచాడు నీళ్లు పోసి చూసుకుంటే అప్పుడే తెలిసేది.

తర్వాత చెమ్మ. 18 అంగుళాల చదరపు మందపాటి ప్లాస్టిక్ షీటుని నేలకి పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించండి. కనీసం 16 గంటలు వదిలేయండి. లేపి చూసినప్పుడు షీటు లోపల నీటి బొట్లున్నా, కాంక్రీటు రంగు ముదిరినా, కింది మట్టిలోంచి చెమ్మ పైకి వస్తోందని అర్థం. చెమ్మ ఆవిరి కోటింగ్‌ని కింద నుంచి తోస్తుంది, బొబ్బలు లేస్తాయి. ఈ పరీక్షలో తేలింది అవునో కాదో మాత్రమే, ఎంత అనేది తెలియదు. ఎంతో తెలియాలంటే కాల్షియం క్లోరైడ్ కిట్ ఉంది. 1000 చదరపు అడుగుల నేల నుంచి 24 గంటల్లో ఎన్ని పౌండ్ల ఆవిరి లేస్తోందో అది చెబుతుంది. చాలా కోటింగ్‌లకి 3 పౌండ్లు హద్దు. మీరు కొనేదానికి కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో, అంటే డేటా షీటులో, దాని హద్దు రాసి ఉంటుంది. దాటితే చెమ్మని ఆపే ప్రత్యేక ఎపాక్సీ ప్రైమర్ కావాలి, లేదా అసలు పొర వేసే ఆలోచనే మానుకోవాలి.

వర్షాలు పడ్డ వారంలో ఒకసారి, ఎండిన వారంలో ఒకసారి చూస్తే ఇంకా మంచిది. ఎండలో పాసై వానలో ఫెయిలయ్యే స్లాబులు ఉంటాయి.

టెక్సస్, కాలిఫోర్నియా వాళ్లకి ఒక ముఖ్యమైన సంగతి. గ్యారేజ్ కాంక్రీటు మీద ఏదైనా ముద్ర ఉందేమో వెతకండి. పోస్ట్ టెన్షన్ స్లాబ్, కోయవద్దు, తవ్వవద్దు అని అచ్చు వేసి ఉంటుంది. లోపల బిగించి లాగిన ఉక్కు తీగలు ఉంటాయి. పైపైన గ్రైండ్ చేయడానికి అడ్డేమీ లేదు. చెమ్మ కొలిచే ప్రోబ్ కోసమని ఎవరైనా డ్రిల్లు తీస్తే మాత్రం ఆపండి.

మూడోది: ఏ డబ్బా?

షాపులో అన్నిటి మీదా ఎపాక్సీ అనే ఉంటుంది. అక్కడే తికమక.

ఒకే డబ్బాలో వచ్చే వన్ పార్ట్ ఎపాక్సీ అనేది అసలు ఎపాక్సీ కాదు. యాక్రిలిక్ పెయింటులో కొంచెం ఎపాక్సీ రెజిన్ కలిపింది. నిజమైన ఎపాక్సీ రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకటి రెజిన్, ఒకటి హార్డెనర్. రెండూ కలిపాకే గట్టిపడటం మొదలవుతుంది. వన్ పార్ట్‌ది సామాన్లు పెట్టుకునే గదికి సరిపోతుంది, కారు చక్రాల కిందకి పనికిరాదు.

రెండు డబ్బాల వాటిలో మళ్లీ తేడాలు: నీళ్లు గానీ సాల్వెంట్ (ఆవిరైపోయే రసాయన ద్రవం) గానీ కలిపినవి, నూరు శాతం సాలిడ్స్ (ఆరాక మిగిలే గట్టి పదార్థం) ఉన్నవి. తేడా చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక గాలన్ ద్రవాన్ని 1 మిల్ మందంతో, అంటే అంగుళంలో వెయ్యో వంతు మందంతో పరిస్తే 1604 చదరపు అడుగులు వస్తుంది. కిట్ డబ్బా మీద గాలన్‌కి 250 చదరపు అడుగులు అని ఉందనుకోండి. తడి మందం 6.4 మిల్స్. అందులో సాలిడ్స్ సగమే అయితే మిగతాది ఆవిరైపోయి, చివరికి మీకు దక్కేది 3.2 మిల్స్. మామూలు ప్రింటర్ కాగితం మందం దాదాపు 4 మిల్స్. అంటే రెండు టన్నుల కారు కింద మీరు కాగితం కంటే పల్చటి పొర పరిచారు.

నూరు శాతం సాలిడ్స్‌లో ఆవిరయ్యేది ఏమీ ఉండదు. పోసినంతా మిగులుతుంది. రెండు కార్ల గ్యారేజ్ 20 అడుగులకి 20, అంటే 400 చదరపు అడుగులు. 10 మిల్స్ పొరకి రెండున్నర గాలన్లు కావాలి. షాపులో డబ్బా తిప్పి చూసేటప్పుడు ఈ రెండే వెతకండి: సాలిడ్స్ శాతం, గాలన్‌కి ఎన్ని చదరపు అడుగులు. మిలిటరీ గ్రేడ్, ఇండస్ట్రియల్ స్ట్రెంత్ లాంటి మాటలు నా లెక్కలో డబ్బాకి పెట్టిన బొట్టు, కాటుక.

ఎపాక్సీకి ఉన్న లోపం ఎండ. తలుపు తీసి ఉంచే గ్యారేజ్‌లో ముందు భాగం ఏడాది తిరిగేసరికి పసుపు పచ్చబడుతుంది. అందుకని దాని మీద ఎండని తట్టుకునే టాప్ కోట్ వేస్తారు: పాలీయురేథేన్ లేదా పాలీయాస్పార్టిక్. పాలీయాస్పార్టిక్ అంటే ఎండకి రంగు మారని ఒక రకం పాలీయూరియా. గీతలు తక్కువ పడతాయి, తొందరగా ఆరుతుంది. ఆ తొందరే మనకి ఇబ్బంది కూడా. కలిపాక చేతిలో ఉండే సమయం చాలా తక్కువ, గాలిలో తేమ ఎక్కువుంటే ఇంకా తగ్గుతుంది. హ్యూస్టన్ ఉక్కపోతలో మొదటిసారి చేసేవాళ్లకి టెన్షన్ తప్పదు. ఒక్క రోజులో పూర్తి చేసేస్తామనే కంపెనీలు ఎక్కువగా వాడేది ఈ రకమే. పని తెలిసిన ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే బాగానే వస్తుంది.

నేను ఎంచుకున్నది: నూరు శాతం సాలిడ్స్ ఎపాక్సీ బేస్, దాని మీద నిండా ఫ్లేక్స్ (రంగురంగుల సన్నటి ప్లాస్టిక్ రేకులు), పైన పాలీయాస్పార్టిక్. సొంతంగా చేసుకునేవాళ్లకి బేస్ దగ్గర కాస్త ఊపిరి ఆడుతుంది, ఎండని పైపొర చూసుకుంటుంది.

చెమ్మ పరీక్షలో ఫెయిలైందా? అప్పుడు కోటింగ్ మీద పట్టుదల వద్దు. సైలేన్, సైలాక్సేన్ సీలర్ కొట్టండి. అది పైన పొరగా నిలవదు, లోపలికి ఇంకి ఉప్పునీళ్లు దిగకుండా చూస్తుంది, ఆవిరిని మాత్రం బయటికి పోనిస్తుంది. చూడటానికి తేడా తెలియదు. చూడటానికి కూడా బాగుండాలంటే ఒకదానికొకటి బిగించే పీవీసీ టైల్స్ పరవండి. అవి నేలకి అంటుకోవు కనుక ఊడే ప్రశ్నే లేదు, ఇల్లు మారితే పట్టుకుపోవచ్చు.

మనిషిని పెట్టుకుంటే

ఒక్క ప్రశ్నతో సగం తేలిపోతుంది: నేలని ఎలా ప్రిపేర్ చేస్తారు? డైమండ్ గ్రైండర్ అనో షాట్ బ్లాస్టింగ్ (ఉక్కు గుళ్లతో కొట్టి గరుకు చేయడం) అనో చెబితే మాట కొనసాగించండి. యాసిడ్ కడిగి వేసేస్తాం అంటే టీ ఇచ్చి పంపించేయండి. తర్వాత ప్రతి పొర పేరు, మిల్స్ మందం, చెమ్మ ఎలా కొలుస్తారో కొటేషన్‌లో రాయమనండి. వారంటీలో హాట్ టైర్ పికప్, చెమ్మ వల్ల ఊడటం కవర్ అవుతాయో లేదో చూడండి. లైఫ్‌టైమ్ అని పెద్ద అక్షరాల్లో రాసి, ఈ రెండిటినీ చిన్న అక్షరాల్లో తీసేసినవి నాకు రెండు వచ్చాయి.

ఈ రోజు సంతకం పెడితేనే ఈ రేటు అని తొందర పెట్టేవాళ్లు కూడా వస్తారు. ఇంటికొచ్చి అమ్మే చాలా ఒప్పందాలని మూడో పనిదినం అర్ధరాత్రి లోపు రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఇస్తుంది. ఆ లెక్కలో శనివారం పనిదినమే. రద్దు ఫారం అడిగి తీసుకోండి.

మీరే చేసుకుంటే: గ్రైండింగ్ రోజు

సామానంతా బయటికి వెళ్లాలి. మా ఇంట్లో అసలు గొడవ ఇక్కడే వచ్చింది. ఆవకాయ జాడీలు వారం పాటు ఎక్కడుంటాయనే దాని మీద.

నూనె మరకలని ముందు డీగ్రీజర్ పోసి బ్రష్‌తో రుద్ది కడగండి. గ్రైండ్ చేశాక కడిగితే నూనె ఇంకా లోతుకి దిగుతుంది. హోమ్ డిపో లాంటి చోట్ల ఫ్లోర్ గ్రైండర్ రోజు అద్దెకి దొరుకుతుంది. గోడ అంచులకి చేతి గ్రైండర్, దానికి డైమండ్ కప్ వీల్ కావాలి. నున్నటి పైపొర పోయి, చేత్తో తడిమితే గరుకు కాగితంలా తగలాలి. అంతకంటే లోతుగా తవ్వక్కర్లేదు. ఒక చోట ఆగిపోతే గుంట పడుతుంది, యంత్రాన్ని కదుపుతూనే ఉండండి.

కిట్‌తో వచ్చే యాసిడ్ ఎందుకు వద్దంటున్నాను? సీలరున్న చోట అది పని చేయదు. కడిగిన నీళ్లు వీధి కాలువలోకి వదలకూడదు. పైగా కొందరు వాడే మురియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ ఆవిరికి గ్యారేజ్‌లోని ఇనుప సామాన్లు తుప్పు పడతాయి.

కాంక్రీటు దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. గ్రైండర్‌కి డస్ట్ ష్రౌడ్ (దుమ్ము ఎగరకుండా పట్టే తొడుగు), దానికి సన్నటి దుమ్మునీ ఆపే హెపా ఫిల్టరున్న వ్యాక్యూమ్, ముఖానికి సరిగ్గా బిగిసే రెస్పిరేటర్, ఈ మూడూ లేకుండా మొదలుపెట్టొద్దు. ఇంట్లోకి వెళ్లే తలుపు సందులకి టేపు వేయండి.

పగుళ్లని రెండు భాగాల క్రాక్ ఫిల్లర్‌తో నింపి, ఆరాక సమంగా గ్రైండ్ చేయండి. కాంక్రీటు వేసినప్పుడే కోసిన తిన్నటి గీతలు పగుళ్లు కావు. స్లాబు కదలడానికి వదిలిన జాయింట్లు. వాటిని వదిలేయండి, లేదా సాగే పాలీయూరియాతో నింపండి. గట్టి ఎపాక్సీతో పూడిస్తే ఆ గీత మళ్లీ పైకి తేలుతుంది.

కోటింగ్ రోజు

గ్యాస్ వాటర్ హీటర్ గ్యారేజ్‌లోనే ఉందా? సాల్వెంట్ ఉన్న ఏ డబ్బా తెరిచేముందైనా గ్యాస్ కట్టేసి పైలట్ (హీటర్‌లో ఎప్పుడూ వెలిగే చిన్న మంట) ఆర్పేయండి. సాల్వెంట్ ఆవిరి నేల మీద పాకుతుంది. హీటర్ మంటని నేలకి 18 అంగుళాల ఎత్తున పెట్టమనే రూలు వచ్చింది అలాంటి ఆవిరుల భయంతోనే. పొయ్యి, ఫ్రిజ్ ప్లగ్గులు కూడా తీసేయండి.

పొద్దున్నే మొదలుపెడదామనిపిస్తుంది. వద్దు. పగలు ఎక్కేకొద్దీ స్లాబు వేడెక్కి, రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పైకి వస్తుంది, పచ్చి కోటింగ్‌లో సూదిమొన బుడగలు పడతాయి. స్లాబు చల్లబడుతున్న సాయంత్రం మొదలుపెట్టండి. నేల వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ ఉండాలి, లేకపోతే కంటికి కనపడని తడి పడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ చవకలోనే దొరుకుతుంది, ఫోన్‌లో వాతావరణం యాప్ డ్యూ పాయింట్ చూపిస్తుంది. నేను అక్టోబర్ నెలాఖరు సాయంత్రం ఎంచుకున్నాను. జూలైలో టెక్సస్‌లో ఈ పని చేసేవాళ్ల ధైర్యానికి దండం.

రెజిన్, హార్డెనర్ కొలతల్లో కళ్లంచనా పనికిరాదు. డేటా షీటు రెండుకి ఒకటి అంటే కచ్చితంగా అంతే. డ్రిల్లుకి మిక్సింగ్ పాడిల్ పెట్టి మూడు నిమిషాలు తిప్పండి. తర్వాత రెండో బకెట్‌లోకి ఒంపి ఇంకోసారి తిప్పండి. మొదటి బకెట్ గోడలకి కలవని రెజిన్ అంటుకుని ఉంటుంది, దాన్ని గీకి నేల మీద పోశారో, అక్కడ ఎన్నాళ్లయినా జిగురు జిగురుగానే ఉంటుంది.

కలిపిన వెంటనే మొత్తం నేల మీద పొడవుగా ఒంపేయండి. బకెట్‌లో కుప్పగా ఉంటే అది తన వేడికి తానే ఉడుకుతుంది. అడుగున గ్లాసుడు మిగిలిందని నేను పక్కన పెట్టిన బకెట్ కాసేపటికి పొగలు కక్కి, అడుగు వంకర తిరిగింది. పరిచినది పల్చగా ఉంటుంది కనుక వేడి నేలలోకి పోతుంది, మీకు సమయం దొరుకుతుంది.

అంచులు ముందు బ్రష్‌తో, తర్వాత లోపలి గోడ నుంచి తలుపు వైపు స్క్వీజీతో (రబ్బరు అంచున్న కర్ర) లాగి, 18 అంగుళాల రోలర్‌తో సమం చేయండి. తడి మీద నడవడానికి ముళ్ల బూట్లు ఉంటాయి. చేతులకి నైట్రిల్ గ్లవ్స్ తప్పనిసరి, పచ్చి ఎపాక్సీ చర్మానికి తగులుతూ ఉంటే అలర్జీ స్థిరపడిపోతుంది. పాలీయాస్పార్టిక్ హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉబ్బసం తెప్పించగలవు, ఆ రోజు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. కోటింగ్ అంచు సరిగ్గా షట్టర్ రబ్బరు కిందకి వచ్చేలా టేపు వేసుకోండి. మూసినప్పుడు గీత కనపడదు.

ఫ్లేక్స్ పని ఇంట్లో అందరికీ ఇష్టం. గుప్పిట పట్టి నేలకేసి కొడితే కుప్పలు పడతాయి. పెళ్లిలో అక్షింతలు వేసినట్టు పైకి చల్లండి, అవే సమంగా దిగుతాయి. తడి రంగు ఎక్కడా కనపడనంత వరకు చల్లుతూనే ఉండండి. ఈ పొరే గరుకునీ ఇస్తుంది, దుమ్మునీ పసుపు మరకల్నీ కళ్లకి ఆననివ్వదు.

మర్నాడు గట్టిపడ్డాక, అంటుకోని ఫ్లేక్స్‌ని వెడల్పు స్క్రేపర్‌తో గీకి, వ్యాక్యూమ్ చేసి టాప్ కోట్ వేయండి. నడిచే దారిలో ఇంకా పట్టు కావాలంటే దాంట్లో సన్నటి అల్యూమినియం ఆక్సైడ్ పొడి కలపండి. చాలా ఎపాక్సీలకి రెండు పొరల మధ్య గడువు దాదాపు 24 గంటలు. దాటిపోతే ముందు శాండింగ్ చేయాలి. ఫ్లేక్స్ లేకుండా ఎపాక్సీ మీద ఎపాక్సీ వేసేవాళ్లు, చల్లటి చెమ్మ రాత్రి తర్వాత పైన మైనంలాంటి జిడ్డు తగులుతుందేమో చూసుకోవాలి. సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టాకే రెండో పొర వేయాలి.

నడవడానికి ఒక రోజు, కారుకి వారం. డేటా షీటు మూడు రోజులే అన్నా నేను వారం ఆగాను, ఒకసారి టైరుకి అంటిన కోటింగ్ చూసినవాణ్ణి కదా. కారు కింద రబ్బరు మ్యాట్లు వేయకండి, రబ్బరు మరక పడితే పోదు.

మిగిలిన ఫ్లేక్స్ పారేయొద్దు. ఖాళీ హార్లిక్స్ సీసాలో పోసి, కోటింగ్ పేర్లు, వేసిన తేదీ చీటీ మీద రాసి అందులోనే పెట్టండి. ఎక్కడైనా చిట్లితే ఆ చోట శాండింగ్ చేసి, చెంచాడు ఎపాక్సీ పూసి, చిటికెడు ఫ్లేక్స్ చల్లితే సరి. మా సీసా మూత ఇప్పటికి ఒక్కసారే తీశాం, మా అత్తగారి చేతిలోంచి రోకలి జారినప్పుడు. అది పడిన చోటు ఎక్కడో ఇప్పుడు వెతికినా నాకు దొరకదు. ఆవిడ మాత్రం వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ పక్కకెళ్లి కాలితో తడిమి చూస్తారు.